గాలిచెయ్యి: కడప బొగ్గుబస్సు నుంచి కర్నూలు డీజిలు లారీ దాకా



పద్యాలూ ఛందస్సూ తప్ప వేరే ఊసెత్తని ఈ పుటలో ఇనుపగొట్టాల ముచ్చట ఏమిటని మీరు అనుకోవచ్చు. దీనికంతటికీ మూలం ఒక పదం. మా మనుమడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడూ, వాడి తోటివాళ్ళూ కలిసి కాలేజీ పోటీ కోసం గొట్టాలతో చట్రం అతికి, ఒక చిన్న బండి కడుతున్నారు. చట్రం ఒకచోటిది, చక్రాలు ఇంకోచోటివి, ఇంజను ఎక్కడో విప్పిన పాత కారుది. ఆ ఇంజనుకు ఏ ఇన్‌టేక్ మేనిఫోల్డు బిగించాలా అని వారం రోజులుగా తగవులాడుకుంటున్నారు. మధ్యలో వాడికి నేను గుర్తుకొచ్చాను. "తాతా! మేనిఫోల్డును తెలుగులో ఏమంటారు?" అని ఫోన్లో అడిగాడు.

ముప్పై ఆరేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. తడుముకోకుండా "బహుశాఖానాళం" అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకోలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మా నాయన వాడిన మాట జ్ఞాపకం వచ్చింది: గాలిచెయ్యి. అరచేయి ఒకటి, దానికి వేళ్ళు కొన్ని. అరచేతిలోకి గాలి ప్రవేశించి వేళ్ళ గుండా ఒక్కొక్క సిలిండరులోకి పోతుంది. మా నాయన చదివింది అయిదో తరగతి. సంస్కృతం తోడు లేకుండానే ఆయన కట్టిన ఆ మాట ముందు నా సమాసం వెలవెలబోయింది.

ఆ మాట పుట్టిన కాలాన్ని గురించి రాద్దామని కూర్చున్నాను. కొంత పుస్తకాలలో ఉన్నది, కొంత మా నాయన నోట విన్నది. ఏది ఏదో చదువరులకు తెలిసేటట్టే రాస్తాను.

1941లో మన దేశంలో పెట్రోలుకు రేషను పెట్టారు. 1942 మార్చిలో రంగూను జపానువాళ్ళ చేతికి చిక్కింది. అంతవరకు మనకు చమురు చాలావరకు బర్మా నుంచి వచ్చేది. పోతూ పోతూ ఆంగ్లేయులే అక్కడి చమురు శుద్ధి కర్మాగారాలను తగలబెట్టి పోయారు. ఇక అస్సాములోని డిగ్బోయి మిగిలింది. అక్కడి చమురు సైన్యానికే చాలనప్పుడు రాయచోటి బస్సుకు ఎవరిస్తారు? ఆనాటి కడప, కర్నూలు జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగం. బస్సులన్నీ ప్రైవేటువారివి. మనం తరువాత ఎరిగిన ఆర్టీసీ ఏర్పడింది 1958 జనవరిలో. బస్సు నడవకపోతే యజమానికి పూట గడవదు. డ్రైవరుకు, క్లీనరుకు అసలే గడవదు. అప్పుడు వచ్చాయి బొగ్గుబస్సులు.

బొగ్గుబస్సు అంటే రైలింజను మాదిరి ఆవిరితో నడిచేదని చాలామంది అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు అట్లాగే అనుకొని నాయన చేత చీవాట్లు తిన్నాను. ఇక్కడ ఆవిరి లేదు. బస్సు వెనక ఒక నిలువు ఇనుప పీపా ఉంటుంది. అందులో కట్టెబొగ్గు నింపి కింద నిప్పు పెడతారు. గాలిని చాలీచాలనంతగా మాత్రమే లోపలికి పోనిస్తారు. బొగ్గు పూర్తిగా కాలదు. అట్లా అరకొరగా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. ఈ వాయువు మండుతుంది. దాన్ని గొట్టాల గుండా నడిపించి, చల్లార్చి, గుడ్డ సంచులలో వడగట్టి, గాలితో కలిపి, పెట్రోలు ఆవిరికి బదులుగా ఇంజనుకు పెడతారు. ఇంజను లోపల మార్చేది బహు స్వల్పం. మార్పంతా గాలి ప్రవేశించే దారిలోనే, అంటే మన గాలిచేతి దగ్గరే.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. జార్జి ఇంబెర్ అనే ఆయన 1920లలోనే ఐరోపాలో కట్టెలతో నడిచే గ్యాసు పీపాను వృద్ధి చేశాడు. యుద్ధం ముగిసేనాటికి ఒక్క జర్మనీలోనే సుమారు 5 లక్షల వాహనాలు ఇట్లా తిరిగాయట. స్వీడనులో 70 వేలకు పైగా. మన దక్షిణాదిలో మదురై టి.వి. సుందరం అయ్యంగారి సంస్థ తమ బస్సుల కోసం సొంతంగా గ్యాసు ప్లాంటు తయారు చేసుకొంది. మా నాయన పనిచేసిన బస్సుకు ఎవరు చేసిన పీపా ఉండేదో ఆయన చెప్పలేదు. "ఏదో మద్రాసు సరుకు" అనేవాడు, అంతే.

1943లో ఆయన వయసు పదిహేడు, పద్దెనిమిది. కడప-రాయచోటి బస్సులో క్లీనరు. దూరం ముప్పై మైళ్ళ పైచిలుకే గాని మధ్యలో గువ్వలచెరువు ఘాటు ఉంది. ఇప్పుడు అక్కడ ఆగి పాలకోవా కొనుక్కొని పోతాం. అప్పుడు అక్కడ ఆగితే బస్సు మళ్ళీ కదులుతుందన్న నమ్మకం లేదు. బొగ్గుగ్యాసుతో ఇంజను బలం మూడోవంతు పోతుంది, ఒక్కొక్కసారి సగమూ పోతుంది. కారణం వింటే సులువే. ఆ గ్యాసులో సగానికి పైగా నైట్రోజనే. అది మండదు, ఊరకే చోటు ఆక్రమిస్తుంది. పైగా గ్యాసు ఎంతో, దానికి కలపవలసిన గాలీ ఇంచుమించు అంతే. సిలిండరు నిండుతుంది గాని నిండిన దానిలో సత్తువ ఉండదు. ఊరినిండా చుట్టాలున్నా పెళ్ళికి పనిచేసేవాడు ఒక్కడూ లేడన్న తీరు. అందుకని ఘాటు మొదట్లో డ్రైవరు ఒక చిన్న డబ్బాలో దాచుకున్న రేషను పెట్రోలు వైపు మీట తిప్పేవాడు. అదీ చాలకపోతే ప్రయాణికులు దిగి తోసేవారు. ఛార్జీ మాత్రం తగ్గించేవారు కాదట.

క్లీనరు పని తెల్లవారక ముందే మొదలు. నిన్నటి బూడిద, గడ్డకట్టిన కిట్టం తీసివేయాలి. వడపోత గుడ్డలు దులపాలి. బొగ్గు నింపి, నిప్పు వేసి, చేతితో తిప్పే ఫ్యానును పావుగంట తిప్పాలి. చిన్న కుళాయి దగ్గర అగ్గిపుల్ల పెట్టి చూస్తే మంట నిలకడగా, నీలంగా మండాలి. అప్పటికి గ్యాసు 'పండినట్టు'. ఇది నాయన మాటే. ఇంజనును ముందు పెట్రోలుతో లేపి, తరువాత గ్యాసుకు మార్చాలి. ఒకసారి మారిన తరువాత ఫ్యాను అవసరం లేదు. ఇంజను తానే పీలుస్తుంది, ఆ పీల్పుకే గాలి నిప్పుల మీదుగా లోపలికి వస్తుంది. ఇంజను ఎంత పీలిస్తే అంత గ్యాసు తయారవుతుంది. ఆ పీల్పు పుట్టేచోటు గాలిచెయ్యి. అక్కడ ఎక్కడైనా సందు ఉంటే గ్యాసుకు బదులు బయటి గాలి దూరుతుంది, బస్సు దగ్గుతుంది. నాయన సబ్బునీళ్ళ గుడ్డతో ప్రతి అతుకూ తడిమి చూసేవాడట.

ఒక లీటరు పెట్రోలు చేసే పనికి సుమారు ఒకటిన్నర కిలోల బొగ్గు కావాలి. టాపు మీద బొగ్గు గోతాలు, వాటి మధ్య సామాన్లు. తుమ్మబొగ్గు మంచిదని పేరు. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకు పోతాను. ఇప్పుడు దేశమంతా అల్లుకుపోయిన సర్కారు తుమ్మను మన ప్రాంతంలో మొదట నాటింది మా కడప జిల్లా కమలాపురంలోనే, 1877లో. వంటచెరకు కరువు తీర్చాలని అటవీశాఖవారు తెచ్చారు. ఆ చెట్టును తిట్టని రైతు లేడు, ఆ బొగ్గు కొనని ఇస్త్రీ బండివాడూ లేడు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న సంగతి. ఆ బస్సు షెవర్లే. జనరల్ మోటార్సువారు 1928 నుంచి బొంబాయిలో బండ్లు బిగించేవారు. బస్సు అంటే అప్పుడు చట్రమూ ఇంజనూ వచ్చేవి, పైకట్టుబడి ఇక్కడి వడ్రంగులు టేకుతో కట్టేవారు. మా మనుమడి బండికీ దానికీ పెద్ద తేడా లేదు. ఆ ఆరు సిలిండర్ల షెవర్లే ఇంజనులో గాలి లోపలికి పోయే గొట్టమూ, పొగ బయటికి వచ్చే గొట్టమూ ఒకే పక్కన, ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. నడుమ రెండూ కలిసేచోట పొగ వేడి గాలిచేతికి తగిలేటట్టు కావాలనే చేశారు. ఎందుకంటే కార్బురేటరు నుంచి వచ్చే పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు, తుంపరగా ఉంటుంది. చలిలో ఆ తుంపర గొట్టం గోడలకు అంటుకొని కారుతుంది. కొన్ని సిలిండర్లకు ఎక్కువ, కొన్నింటికి తక్కువ పోతుంది. అరచేతిని వెచ్చబెడితే ఆ చిక్కు తీరుతుంది. షెవర్లే పుట్టిల్లు మిషిగను రాష్ట్రంలోని డెట్రాయిటు, మంచు కురిసే ఊరు. అక్కడి చలికి చేసిన ఏర్పాటు ఇది.

కడప ఎండలు మీకు చెప్పనక్కరలేదు. 44, 45 డిగ్రీలు మాకు ముచ్చట కాదు. ఇక్కడ పెట్రోలును వెచ్చబెట్టడం అనవసరం. గ్యాసుకైతే అది హాని. వేడెక్కిన గ్యాసు వ్యాకోచిస్తుంది. అదే సిలిండరులో పట్టే గ్యాసు పరిమాణం తగ్గుతుంది. అసలే సత్తువలేని తిండి, అందులోనూ కడుపు నిండా దొరకదు. పీపా దగ్గర కష్టపడి చల్లార్చిన గ్యాసును మళ్ళీ ఇంజను ముంగిట వేడి చేసినట్టవుతుంది. ఈ సంగతి ఇంజనీర్లు పుస్తకాలలో రాశారు. గ్యాసుతో నడిపేటప్పుడు గాలి గొట్టాన్ని పొగ గొట్టం నుంచి విడదీయాలి, దారి వెడల్పు చేయాలి, నిప్పురవ్వ కాస్త ముందుగా పడేటట్టు చూడాలి, ఎందుకంటే ఈ గ్యాసు నెమ్మదిగా మండుతుంది. కడప షెడ్డులోని పెద్ద మేస్త్రీకి ఆ పుస్తకాలు అంది ఉంటాయని నేననుకోను. ఒక వేసవి మధ్యాహ్నం ఘాటు మీద బస్సు మూడుసార్లు ఆగితే, ఆయన గాలిచేతి మీద నీళ్ళు చిలకరించమన్నాడట. నాయన చిలకరించాడు, బస్సు కదిలింది. ఆ రాత్రే షెడ్డులో రెండు గొట్టాలూ విప్పి, అవి ఆనుకొనేచోట రేకు, ఆస్‌బెస్టాసు అట్ట పెట్టి వేడిని అడ్డగించారు. మరునాటి నుంచి తోసే పని తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

అయిదో తరగతి కుర్రవాడికి ఆ మేస్త్రీ ఈ ఇంజను ధర్మం ఎట్లా బోధించాడో నాకు మహా ఇష్టమైన ముచ్చట. కే.సీ. కాలువను చూపి చెప్పాడట. మిత్రులలో కోస్తావారు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇది కర్నూలు-కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. పంటకూ పనికివస్తుంది, పడవలూ నడుస్తాయని ఆశపడి చేతులు కాల్చుకుంది. 1882లో ప్రభుత్వం కొనేసింది. కర్నూలు నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్లు పైమాటే. పై తూములవారు తమ మళ్ళు నింపుకున్నాక, చివరి ఆయకట్టు కడపవాడికి మిగిలేది ఏమిటో ఇక్కడ ప్రతి రైతుకూ తెలుసు. "ఒరేయ్ అబ్బీ, నడిమి సిలిండర్లు కర్నూలోళ్ళు. చివరి రెండూ మనం. మనదాకా నీళ్ళొచ్చేట్టు కాలువ కట్టడమే మేస్త్రీతనం" అన్నాడట ఆయన. నాయన నాకు ఈ మాట చెప్పినప్పుడు నేను ఎనిమిదో తరగతి. మేనిఫోల్డు శాస్త్రమంతా ఇందులోనే ఉందని ఇప్పుడు తెలుస్తోంది. గాలి ఎంత పోయిందన్నది ఒక్కటే కాదు, అన్ని సిలిండర్లకూ సమంగా పోయిందా అన్నది అసలు ప్రశ్న.

బొగ్గుబస్సులో ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. బస్సు నడుస్తున్నంతసేపూ ఇంజను దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి బయటికి రాదు. బస్సు ఆగినాక పీపాలో నిప్పు కొంతసేపు రగులుతూనే ఉంటుంది. అప్పుడు పీల్చేవాడు లేడు. సందుల గుండా అది వెలుపలికి వస్తుంది. నాయనకు సాయంత్రాలు తలనొప్పి, వాంతి సామాన్యమట. పైత్యమని అల్లం నమిలేవారు. ఒక వానరాత్రి రాయచోటిలో మరొక బస్సు క్లీనరు, నాయన ఈడువాడే, తడవకుండా బస్సులో అన్ని పరదాలూ దింపుకొని వెనక సీటు మీద పడుకున్నాడు. తెల్లవారి ఫ్యాను తిప్పడానికి లేవలేదు. పాము కరిచిందని కొందరు, గాలి సోకిందని కొందరు అన్నారు. రెండోవారి మాట ఒక విధంగా నిజమే. నాయన ఆ కుర్రవాడి పేరు ఎన్నడూ చెప్పలేదు. నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

యుద్ధం 1945లో ముగిసింది. పెట్రోలు మెల్లమెల్లగా తిరిగి వచ్చింది, పీపాలు పాత ఇనుముకు పోయాయి. తరువాత డీజిలు యుగం. ఇంగ్లండులోని పీటర్‌బరోలో పెర్కిన్సువారు 1937లో తెచ్చిన పి-6 అనే ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను, పెట్రోలు లారీలలో పాత ఇంజను తీసి దాని స్థానంలో పెట్టడానికి ప్రసిద్ధి. మద్రాసు సింప్సనువారు 1950లలో దాన్ని ఇక్కడే చేయనారంభించాక మన షెడ్లలో ఈ గుండెమార్పిడి మామూలైపోయింది. నాయన అప్పటికి కర్నూలు చేరి, కొంతకాలం తరువాత సొంతంగా చిన్న షెడ్డు వేసుకున్నాడు.

1973 చివర అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. మూడు డాలర్లకు దొరికిన పీపా ముడిచమురు 1974 జనవరికి పన్నెండు డాలర్ల దరిదాపుకు పోయింది. పెట్రోలు బండి ఉన్నవాడల్లా డీజిలు ఇంజను కోసం వెదకసాగాడు. ఆ ఏడు ఒక వేరుశనగ వ్యాపారి తన పాత పెట్రోలు లారీని మా షెడ్డుకు తెచ్చాడు. మద్రాసు పాతసామాను బజారులో కొన్న పి-6 ఇంజను కూడా తెచ్చాడు. నేనప్పుడు పదిహేనేళ్ళవాణ్ణి. సెలవులలో నాయనకు స్పానర్లు అందించడం నా పని.

ఆ ఇంజను ఒక ఒంటి మీది అవయవాలన్నీ ఉన్నది కాదు. దిమ్మె ఒకదానిది, పంపు ఇంకొకదానిది. గాలిచెయ్యి మాత్రం నీటిపంపులకో, మిల్లులకో వాడే నిలకడ ఇంజనుది. సాదాగా, వెడల్పుగా, ఏ అడ్డూ లేకుండా ఉంది. లారీ ఇంజనుకు వచ్చే గాలిచెయ్యి వేరు. దాని నోటి దగ్గర ఇరుకైన మెడ, ఆ మెడలో ఒక రెక్క, పక్కన సన్నని గొట్టం ఉంటాయి. డీజిలు ఇంజనుకు గాలిని అడ్డే రెక్క ఎందుకని వ్యాపారి బామ్మర్ది వాదన. "గాలి ఎక్కువ పోతే బలం ఎక్కువ గదా మేస్త్రీ!" సామాన్య తర్కానికి అది తప్పు కాదు.

అయితే ఆ పంపుకు ఉన్నది గాలితో పనిచేసే గవర్నరు. ఇరుకు మెడలో గాలి వేగంగా పోయినప్పుడు అక్కడ కొంత శూన్యం ఏర్పడుతుంది. సన్నగొట్టం ఆ శూన్యాన్ని పంపు వెనకనున్న తోలుపొరకు చేరుస్తుంది. ఇంజను వేగం పెరిగితే శూన్యం పెరిగి పొరను లాగుతుంది, డీజిలు తగ్గుతుంది. శూన్యం లేకపోతే స్ప్రింగు పొరను నెట్టి నిండుగా డీజిలు వదులుతుంది. అంటే కళ్ళెం గాలిచేతిలోనే ఉంది. సాదా చెయ్యి బిగిస్తే కళ్ళెం లేని గుర్రమే.

నాయనకు ఇది తెలుసు. మద్రాసు నుంచి సరైనది తెప్పిస్తానన్నాడు. పార్సెలుకు పది రోజులు పడుతుంది. వ్యాపారికి అప్పటికే వేరుశనగ కాయలు కళ్ళంలో ఉన్నాయి. "ఒక్కసారి లేపి చూడు మేస్త్రీ, ఇంజను బాగుందో లేదో తెలిస్తే నాకు నిద్ర పడుతుంది" అని బతిమాలాడు. నాయన ఒప్పుకున్నాడు. ఆ తప్పు ఆయనదే. తరువాత ఆయనే ఆ మాట చాలాసార్లు అన్నాడు. ఆపే తీగ కూడా ఇంకా తగిలించలేదు.

ఇంజను లేచింది. ఒకటి రెండు క్షణాలు బాగానే ఉంది. తరువాత దాని గొంతు పెరగడం మొదలైంది. పెరిగి పెరిగి అరుపైంది. నల్లని పొగ షెడ్డును కమ్మింది. దిమ్మె చెక్కల మీద ఎగురుతోంది. వ్యాపారి, బామ్మర్ది బయటికి పరుగెత్తారు. నేను కదలలేక నిలబడిపోయాను. నాయన తొట్టిలో నానుతున్న గోనెసంచి లాగి, మడిచి, గాలిచేతి నోటికి అదిమి, దానిపై చెక్కపలక పెట్టి తన బరువంతా మోపాడు. ఊపిరి ఆగిన ఇంజను రెండు మూడుసార్లు ఎక్కిళ్ళు పెట్టి చచ్చింది. పలక పెట్టే ముందు ఒక క్షణం ఆయన అరచెయ్యి నోటికి చిక్కింది. ఆ పీల్పుకు చర్మం కమిలి గుండ్రంగా నల్లని మచ్చ పడింది. చాలా నెలలు ఉండింది. "సూడు, చెయ్యి చెయ్యిని పట్టుకున్యాది" అని నవ్వాడు ఆ సాయంత్రం. అమ్మ నవ్వలేదు.

దైవికంగా ఇంజను పగలలేదు. పదకొండో రోజు మద్రాసు పార్సెలు వచ్చింది. ఇరుకు మెడది. బిగించి లేపితే ఇంజను బుద్ధిగా గురకపెట్టింది. ఆ లారీ ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు దారులలో చాలా ఏళ్ళు తిరిగింది.

మరునాడు మనుమడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, వాళ్ళ బండికి పెద్ద నోరున్న గొట్టం కొనాలనుకున్నారనీ, పోటీ నియమాల ప్రకారం నోటి దగ్గర ఎట్లాగూ ఇరుకు మెడ పెట్టాలనీ, కాబట్టి ఇప్పుడు వేళ్ళ పొడవు సరిచూస్తున్నామనీ చెప్పాడు. తాము గీసిన పటంలో ఆ భాగానికి 'గాలిచెయ్యి' అని తెలుగులో పేరు రాశాడట. బహుశాఖానాళం ఊసు ఇద్దరమూ ఎత్తలేదు.

ఆ వేరుశనగ వ్యాపారి వదిలేసిపోయిన సాదా గాలిచెయ్యి మా పెరట్లో ఉంది. బావి పక్కన బట్టలుతికే బండ ఒరగకుండా దాన్ని ఒత్తుగా పెట్టారు. మీ ఊళ్ళలో మేస్త్రీలు దీన్ని ఏ పేరుతో పిలిచేవారో తెలిసినవారు రాయగలరు.